పదం పదం పేర్చొద్దు.. పదబంధం పట్టండి!

గ్రామర్ పుస్తకం రెండుసార్లు తిరగేశారు. పదాలూ బాగానే తెలుసు. ఎదుటివాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడితే అర్థమవుతుంది. తీరా ఇంటర్వ్యూలో నోరు తెరిచాక రెండో వాక్యానికే బండి ఆగిపోతుంది. ప్రాంగణ నియామకాలకు సిద్ధమవుతున్న చాలామంది ఇబ్బంది ఇదే. లోపం తెలివిలో లేదు, గ్రామర్‌లోనూ మీరనుకున్నంత లేదు. ఇంగ్లిష్‌ని మీరు విడి పదాలుగా దాచుకున్నారా, కట్టలుగా దాచుకున్నారా అన్నదే అసలు సంగతి.

ఒకటో తరగతి పిల్లాణ్ని గమనించండి. క్లాసు గుమ్మం దగ్గర నిలబడి ‘మే ఐ కమిన్ టీచర్’ అంటాడు. తడబడడు. ‘మే’ సహాయక క్రియ అనీ, ప్రశ్నలో అది కర్త కంటే ముందు రావాలనీ వాడికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. వాడి లెక్కలో అది విడి పదాల వాక్యం కాదు, ఒకటే మాట. అదే పిల్లాడు బీటెక్ ఫైనలియర్‌కి వచ్చాక, ‘టెల్ మి సంథింగ్ అబౌట్ యువర్ ప్రాజెక్ట్’ అని అడిగితే చెమటలు పట్టేస్తాయి. ఈ మధ్యలో పదిహేనేళ్లు ఇంగ్లిష్ చదివాడు కదా, మరి వెనక్కి ఎందుకు వెళ్లినట్టు?

వెనక్కి వెళ్లలేదు. వాక్యాన్ని ఇటుక ఇటుకగా పేర్చడం నేర్చుకున్నాడు. పరీక్షలో ఖాళీలు పూరించడానికి ఆ విద్య పనికొస్తుంది. ఎదురుగా మనిషి కూర్చుని మీ జవాబు కోసం చూస్తున్నప్పుడు మాత్రం పేర్చేంత టైమ్ ఉండదు.

తెలుగువాళ్లకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. ‘మేం తయారుచేసిన యాప్‌ని మా కాలేజీలో రెండొందల మంది వాడుతున్నారు’ అనే వాక్యం తీసుకోండి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. ‘మేం తయారుచేసిన’ అనేది యాప్‌కి ముందు కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో ‘అబౌట్ టూ హండ్రెడ్ స్టూడెంట్స్ ఇన్ అవర్ కాలేజ్ యూజ్ ద యాప్ వి బిల్ట్’ అనాలి. చివరున్న మనుషులు ముందుకొచ్చారు, ముందున్న ‘మేం తయారుచేసిన’ చివరికి పోయింది. అంటే తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి మార్చేవాళ్లు ప్రతి వాక్యాన్నీ తలకిందులు చేయాలి. అలా తిప్పుతున్నంతసేపూ నోట్లోంచి ‘ఆ.. ఆ..’ తప్ప ఇంకేం రాదు. ఇది మీ ఒక్కరి బలహీనత కాదు, రెండు భాషల నిర్మాణంలో ఉన్న తేడా. తేడాని దాటడానికి వేగంగా తిప్పడం ప్రాక్టీస్ చేయడం దారి కాదు. అసలు తిప్పే పని లేకుండా చూసుకోవడమే దారి.

అందరూ చేసేది ఇదే

1983లో ఆండ్రూ పాలీ, ఫ్రాన్సిస్ సైడర్ అనే ఇద్దరు భాషాశాస్త్రజ్ఞులు ఒక ప్రశ్న వేసుకున్నారు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు అంత ధారాళంగా ఎలా మాట్లాడగలుగుతున్నారు? వాళ్లు చెప్పిన జవాబు క్లుప్తంగా ఇది: ఎవరూ ప్రతి వాక్యాన్నీ కొత్తగా తయారుచేయడం లేదు. వేలకొద్దీ వాక్యాలు, వాక్య ఖండాలు అప్పటికే జ్ఞాపకంలో కట్టలుగా ఉంటాయి. వాటిని తీసి, అవసరమైన చోట ఒకటి రెండు మాటలు మార్చి వాడేస్తుంటారు. పదేళ్ల తర్వాత, 1993లో మైఖేల్ లూయిస్ ఈ ఆలోచన చుట్టూ ఒక బోధనా పద్ధతినే ప్రతిపాదించారు. ఇంగ్లిష్ టీచర్లు ఈ కట్టలను ‘చంక్స్’ అంటారు. ఇంకా వెనక్కి వెళితే, జపాన్‌లో పనిచేసిన హెరాల్డ్ పామర్ 1933లోనే ఇలాంటి పదబంధాలను వేల సంఖ్యలో పోగుచేసి నివేదిక అచ్చువేయించారు. కాబట్టి ఇదేదో యూట్యూబ్ షార్ట్స్‌లో పుట్టిన చిట్కా కాదు.

నిజానికి తెలుగులో మీరు రోజూ చేస్తున్నదీ ఇదే. ‘ఆ మాటకొస్తే’, ‘నేనేమంటానంటే’, ‘అది కాదండీ’, ‘ఏదో అలా నడుస్తోంది’.. వీటిలో దేన్నైనా ఎప్పుడైనా వ్యాకరణం చూసుకుని కూర్చారా? తెలుగు నేర్చుకునే విదేశీయుడు ఎవరైనా ‘ఆ మాటకొస్తే’ వింటే, ‘ఏ మాట? ఎక్కడికొచ్చింది?’ అని అడుగుతాడు. మనకు ఆ సందేహమే రాదు. ఆ కట్ట నోటి నుంచి వెళ్తున్న ఒక్క సెకండులో మనసు తర్వాత చెప్పాల్సిన విషయాన్ని సిద్ధం చేసుకుంటుంది. ధారాళత అంటే వేగంగా మాట్లాడటం అనుకుంటారు చాలామంది. కాదు. ఆగాల్సిన చోట ఆగి, ఆగకూడని చోట ఆగకపోవడం. కట్టలున్నవాళ్లు కట్టకీ కట్టకీ మధ్య ఆగుతారు. లేనివాళ్లు పదానికీ పదానికీ మధ్య ఆగుతారు. వినేవాళ్లకు తేడా వెంటనే తెలిసిపోతుంది.

‘అండి’ లేని భాషలో మర్యాద

మన విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అయినా దీని గురించి క్లాసులో చెప్పేవాళ్లు తక్కువ. తెలుగులో మర్యాద అంతా ‘అండి’లోనూ ‘గారు’లోనూ ‘మీరు’లోనూ ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ వసతి లేదు. అమ్మకీ, ఆఫీసర్‌కీ ఒకటే ‘యూ’. మరి మర్యాద ఎక్కడుంటుంది? పదబంధాల్లో ఉంటుంది.

‘మళ్లీ చెప్పండి సర్’ అనేది తెలుగులో ఎంతో గౌరవంగా ఉంటుంది. దాన్ని అలాగే దించి ‘సర్, టెల్ అగైన్’ అంటే ఆజ్ఞాపించినట్టు వినిపిస్తుంది. ముందు ‘ప్లీజ్’ తగిలించినా ఆ కరుకుదనం పూర్తిగా పోదు. అదే ‘సారీ, ఐ డిడ్‌న్ట్ క్యాచ్ దట్. కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?’ అంటే పని సాఫీగా జరిగిపోతుంది. మీ మనసులో గౌరవానికి లోటు లేదు, అది ఎదుటివారికి చేర్చే కట్టే మీ దగ్గర లేదు. ‘సర్’ని ప్రతి వాక్యంలో రెండుసార్లు వాడి ఆ లోటు పూడ్చుకుందామని చూస్తారు కొందరు. దానివల్ల భయం బయటపడుతుంది తప్ప మర్యాద పెరగదు.

ఫోన్ దగ్గరా ఇదే తంతు. హెచ్‌ఆర్ నుంచి కాల్ వచ్చింది. తెలుగులో ‘చెప్పండి’ అంటాం కాబట్టి ‘టెల్ మి’ అనేస్తాం. ‘యెస్, స్పీకింగ్’ అనో, ‘యెస్, ప్లీజ్ గో అహెడ్’ అనో అనాలి. మాట సరిగా వినబడకపోతే ‘యువర్ వాయిస్ ఈజ్ నాట్ కమింగ్’ అంటాం. అది ‘మీ వాయిస్ రావడం లేదు’కి ఇంగ్లిష్ తొడుగు. ‘సారీ, ద లైన్ ఈజ్ బ్రేకింగ్ అప్’ అన్నది అక్కడ వాడే మాట. బస్సులో ఉన్నారు, కండక్టర్ టికెట్ టికెట్ అని అరుస్తున్నాడు. కంగారుగా ‘బస్, బస్, మేడమ్’ అనే బదులు ‘ఐయామ్ ఆన్ ఎ బస్ రైట్ నౌ. కుడ్ ఐ కాల్ యూ బ్యాక్ ఇన్ టెన్ మినిట్స్?’ అని చూడండి. ఇంటర్వ్యూ నిజానికి ఆ ఫోన్ కాల్‌లోనే మొదలవుతుంది.

అలాగే ‘ఐ హావ్ ఎ డౌట్’. మన దగ్గర డౌట్ అంటే పాఠంలో అడగాలనుకున్న ప్రశ్న. బయటి దేశాల క్లయింట్‌కి అది మీరు తన మాటని నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ దిస్’ అంటే ఏ గొడవా లేదు.

కట్టతో పాటే గ్రామర్

‘మరి గ్రామర్ వద్దా?’ అని అడగొద్దు. ఈమెయిల్ రాయాలంటే కావాలి, రాత పరీక్షకీ కావాలి. కానీ సరైన కట్ట పడితే గ్రామర్ దానంతటదే వెంట వస్తుంది. మూడు నెలలుగా ఒక పని చేస్తున్నారు. తెలుగులో ‘చేస్తున్నాను’ చాలు. అందుకే ‘ఐయామ్ డూయింగ్ దిస్ సిన్స్ త్రీ మంత్స్’ అనేస్తాం. ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ నియమం నోటికి వచ్చినవాళ్లు కూడా మాటల్లో ఈ తప్పు చేస్తారు. నియమం బదులు ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ ఆన్ దిస్ ఫర్ త్రీ మంత్స్’ అనే వాక్యాన్ని ఓ యాభైసార్లు పైకి అనండి. తర్వాత ‘ఐ హావ్ బీన్ లర్నింగ్ పైథాన్ ఫర్ సిక్స్ మంత్స్’, ‘ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ ఎ హాస్టల్ ఫర్ ఫోర్ ఇయర్స్’ అని మార్చండి. ఇక ‘సిన్స్ త్రీ మంత్స్’ అనబోయినా నాలుకే ఒప్పుకోదు.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అనకుండా ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’, ‘డిస్కస్ అబౌట్’ అనకుండా ‘డిస్కస్ ద ప్రాబ్లమ్’, ‘మైసెల్ఫ్ ఫలానా’ అనకుండా ‘ఐయామ్ ఫలానా’. వీటికీ నియమాలున్నాయి. చెవికి అలవాటైతే వాటి అవసరం రాదు.

కంఠస్థం చేసింది దొరికిపోతుంది

ఇక్కడో హెచ్చరిక. రెడీమేడ్ పదబంధం వేరు, రెడీమేడ్ జవాబు వేరు. ‘ఐయామ్ ఎ హార్డ్ వర్కర్ అండ్ క్విక్ లర్నర్. మై వీక్‌నెస్ ఈజ్ దట్ ఐయామ్ ఎ పర్ఫెక్షనిస్ట్’ అనే జవాబు సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో తరం నుంచి తరానికి వస్తోంది. మీ క్లాసులో అరవై మందీ అదే చెబితే, వినేవాళ్లకు నలభయ్యో మనిషి దగ్గర ఎలా ఉంటుందో ఊహించండి. పైగా వెంటనే ‘క్విక్ లర్నర్ అన్నారు కదా, ఈ మధ్య త్వరగా నేర్చుకున్నదేమిటి?’ అని అడుగుతారు. అక్కడ నిశ్శబ్దం. అప్పటిదాకా జలపాతంలా వచ్చిన ఇంగ్లిష్ ఒక్కసారిగా ఎండిపోవడంతో అంతకుముందుది బట్టీ అని తేలిపోతుంది.

చట్రం కంఠస్థం చేయండి, లోపలి సరుకు మీది పెట్టండి. ఉదాహరణకు అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఈసీఈ విద్యార్థి ప్రాజెక్టు అనుకుందాం. వేరుశనగ చేలో నేల తేమ చూసి మోటారును ఆన్, ఆఫ్ చేసే పరికరం. దాన్ని చెప్పడానికి అతడికి ఐదారు చట్రాలు చాలు:

‘ది ఐడియా వాజ్ టు సేవ్ వాటర్ ఇన్ గ్రౌండ్‌నట్ ఫీల్డ్స్. ఐ వాజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ద సెన్సర్ పార్ట్. ఇట్ టుక్ అస్ త్రీ వీక్స్ టు గెట్ ఇట్ వర్కింగ్. ద హార్డ్ పార్ట్ వాజ్ ద పవర్ సప్లై. వి ఎండెడ్ అప్ యూజింగ్ ఎ స్మాల్ సోలార్ ప్యానెల్. వాట్ ఐ లర్న్‌డ్ ఫ్రమ్ దట్ వాజ్ టు టెస్ట్ ఇన్ ద ఫీల్డ్, నాట్ జస్ట్ ఇన్ ద ల్యాబ్.’

ఇందులో పెద్ద పదం ఒక్కటైనా ఉందా? ‘ది ఐడియా వాజ్ టు’, ‘ఐ వాజ్ ఇన్ చార్జ్ ఆఫ్’, ‘ఇట్ టుక్ అస్’, ‘ద హార్డ్ పార్ట్ వాజ్’, ‘వి ఎండెడ్ అప్’, ‘వాట్ ఐ లర్న్‌డ్ ఫ్రమ్ దట్ వాజ్’.. ఈ చట్రాలు ఎవరి ప్రాజెక్టుకైనా సరిపోతాయి. ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన బీకామ్ అమ్మాయి ‘ఐ స్పెంట్ టూ మంత్స్ హెల్పింగ్ విత్ జీఎస్టీ రిటర్న్స్’ అని మొదలుపెట్టి మిగతావన్నీ ఇవే వాడొచ్చు. ఎంత లోతుగా అడిగినా సరుకు సొంతది కాబట్టి జవాబు ఆగదు.

మరో రకం మోజూ ఉంది. ‘ఇట్స్ రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ లాంటి ఇడియమ్స్ జాబితాలు. ఫోన్‌లో వంద సేవ్ చేసుకుంటారు. ఇంటర్వ్యూలో వాటికి చోటు రాదు. వచ్చినా ఎబ్బెట్టుగా ఉంటుంది. మీకు కావాల్సినవి అలంకారాలు కాదు, రోజువారీ పనిముట్లు. ‘బేసికల్లీ’, ‘యాక్చువల్లీ’ అనే రెండింటినీ ప్రతి వాక్యం ముందు తగిలించడం కూడా పదబంధాల సాధన కిందికి రాదు, మనవి.

ముప్ఫై చాలు

‘ముప్ఫై రోజుల్లో ఇంగ్లిష్’ తరహా పుస్తకాలు బస్టాండ్ దుకాణాల్లో ఏళ్ల తరబడి అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటిలో మంచి వాక్యాలే ఉంటాయి. కొన్నవాళ్లు వాటిని కళ్లతో చదువుతారు, నోటితో అనరు. అదే తేడా కొట్టేది. మాట్లాడటం సైకిల్ తొక్కడం లాంటి కండరాల పని. అందుకే ఐదు వందల వాక్యాల పీడీఎఫ్ కంటే, నిద్రలో లేపి అడిగినా వచ్చే ముప్ఫై కట్టలు మేలు.

ఏ ముప్ఫై? ఇది పుస్తకం చెప్పలేదు, మీ ఫోనే చెబుతుంది. మీ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడి రికార్డు చేయండి. సొంత గొంతు వినడానికి మొదట సిగ్గేస్తుంది, పర్లేదు. ఎక్కడెక్కడ ఆగిపోయారో రాసుకోండి. కారణం చెప్పబోయి ఆగితే ‘ద మెయిన్ రీజన్ ఈజ్ దట్’ మీకు కావాలి. ఉదాహరణ దగ్గర ఆగితే ‘లెట్ మి గివ్ యూ ఎన్ ఎగ్జాంపుల్’. తెలియని ప్రశ్న దగ్గర నోరు పడిపోతే ‘ఐ హావెన్ట్ వర్క్‌డ్ ఆన్ దట్ యెట్, బట్ ఐ నో ద బేసిక్స్’. బేసిక్స్ నిజంగా తెలిస్తేనే సుమా! ఆలోచించుకోవడానికి ఓ క్షణం కావాలంటే ‘లెట్ మి థింక్ ఫర్ ఎ సెకండ్’. ఇలా మీ గుంతలకు సరిపడే మట్టి మీరే తెచ్చుకోండి.

సాధన ఎప్పుడూ పైకి, గొంతెత్తి చేయాలి. కట్ట మొత్తం ఒకే ఊపిరిలో రావాలి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కదా, ఆ అలవాటుతో ‘లెట్టు మీ థింకు’ అని ప్రతి పదాన్నీ విడగొడతాం. అలా కాకుండా ‘లెమ్మి థింక్’, ‘కుడ్జూ సే దట్ అగైన్’ అని మాటలు ఎలా అతుక్కుంటాయో వినండి. బీబీసీ లర్నింగ్ ఇంగ్లిష్ వాళ్ల ‘సిక్స్ మినిట్ ఇంగ్లిష్’ ఉచితంగా దొరుకుతుంది. ఒక వాక్యం విని, ఆపి, అదే లయలో అనండి. యాస మార్చుకోమని కాదు. మన యాసలోనే చక్కగా మాట్లాడొచ్చు. లయ అందితే చాలు.

ఇంకో మంచి కసరత్తు ఉంది. న్యూజిలాండ్ ప్రొఫెసర్ పాల్ నేషన్ రచనల ద్వారా బాగా ప్రచారం పొందిన 4-3-2 పద్ధతి. ఒకే విషయాన్ని ఒక మిత్రుడికి నాలుగు నిమిషాల్లో చెప్పండి. అదే విషయాన్ని రెండో మిత్రుడికి మూడు నిమిషాల్లో, మూడో మిత్రుడికి రెండు నిమిషాల్లో. విషయం మారదు, టైమ్ తగ్గుతుంది, వినే మనిషి మారతాడు. మూడోసారికి వాక్యాలు వాటంతటవే కట్టలుగా గట్టిపడతాయి. హాస్టల్లో దీనికి ఖర్చేమీ లేదు. రాత్రి భోజనాలయ్యాక నలుగురు రూమ్మేట్లు మేడ మీద కూర్చుంటే అరగంట పని. ‘ఏంట్రా, దొరవైపోయావా?’ అని వెక్కిరించేవాడు ఒకడుంటాడు. వాడినే మొదటి శ్రోతగా కూర్చోబెట్టండి.

జామ్‌లో, కంప్యూటర్ ముందు

క్యాంపస్ ఎంపికల్లో భయపెట్టే జామ్ రౌండ్, అంటే ‘జస్ట్ ఎ మినిట్’, 1967లో మొదలైన బీబీసీ రేడియో ఆట పేరు. తడబడకూడదు, అన్న మాటే అనకూడదు, విషయం దాటకూడదు. ఇవీ దాని నియమాలు. మన దగ్గర ఎక్కువమంది మొదటిదాని దగ్గరే పడిపోతారు. టాపిక్ వినగానే ఏం చెప్పాలా అని వెతికే లోపు పది సెకన్లు పోతాయి. ‘వెన్ ఐ హియర్ ద వర్డ్ రెయిన్, ద ఫస్ట్ థింగ్ దట్ కమ్స్ టు మైండ్ ఈజ్’ అని మొదలుపెడితే ఆ కట్ట నడుస్తుండగానే మీ ఊరి చెరువు గుర్తుకొస్తుంది. గ్రూప్ డిస్కషన్‌లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ‘కెన్ ఐ జస్ట్ కమ్ ఇన్ హియర్?’ అనీ, ఒప్పుకోనప్పుడు ‘ఐ సీ యువర్ పాయింట్, బట్’ అనీ అనగలిగితే అరవకుండానే చోటు దొరుకుతుంది.

కొన్ని కంపెనీలు మనిషి కంటే ముందు కంప్యూటర్‌తో మాట్లాడిస్తాయి. వెర్సంట్ లాంటి పరీక్షల్లో విన్న వాక్యాన్ని యథాతథంగా తిరిగి చెప్పే భాగం ఉంటుంది. వరస తప్పించి వినిపించిన మూడు పదబంధాలను సరిగా కూర్చి వాక్యం చేసే భాగమూ ఉంటుంది. పన్నెండు పదాల వాక్యాన్ని పన్నెండు ముక్కలుగా పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ప్రకారం మన తాత్కాలిక జ్ఞాపకం ఒకేసారి పట్టుకోగలిగేది ఏడుకు రెండు అటూ ఇటూగా ఉన్న అంశాలనే. అదే వాక్యం మీకు మూడు కట్టలుగా వినిపిస్తే తిరిగి చెప్పడం తేలిక. రోజూ కట్టలతో మెలిగేవాళ్లకు ఈ పరీక్ష కోసం ప్రత్యేకంగా చేయాల్సింది పెద్దగా ఉండదు.

ఇన్ని చేసినా ఏదో ఒక ఇంటర్వ్యూలో వాక్యం మధ్యలో ఇరుక్కుంటారు. కావాల్సిన మాట గుర్తురాదు, మొదలుపెట్టిన వాక్యం ఎటు పోతోందో మీకే తెలియదు. అప్పుడు దాన్ని పూర్తి చేయాలని పెనుగులాడొద్దు. ‘సారీ, లెట్ మి పుట్ ఇట్ అనదర్ వే’ అని అక్కడే వదిలేసి, చిన్న వాక్యంతో మళ్లీ మొదలుపెట్టండి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లూ ఇలాగే చేస్తారు. మీ ముప్ఫైలో మొట్టమొదట కంఠస్థం చేయాల్సింది ఈ కట్టనే.